నల్లరాయికి కుంకుడు నీళ్ళు

కోవిల్‌పట్టి
మే 18

ప్రియకు అత్త ఆశీర్వాదం.

ముందు నీ పని సంగతి, తరువాత ఇంటి సంగతులు.

నువ్వు అడిగిన కుంకుడు పొడి ఈ సంచిలో ఉంది. ఇక్కడ అంగట్లో పూందికొట్టై అంటే తప్ప కుంకుడుకాయ అంటే ఎవరికీ తెలియదు. అయినా ఇవి అంగడివి కావు. విళాత్తికుళం నుంచి మా అత్తగారి తమ్ముడు పోయిన ఏడు పంపినవి. గింజ తీసి కుండలో దాచి ఉంచాను. మళ్ళీ బాగా ఎండబెట్టి, ఇంట్లోనే మిక్సీలో వేసి, పాత పంచె గుడ్డతో జల్లించాను. మిల్లుకు పంపలేదు. అక్కడ మిరపకాయలు ఆడించిన వెంటనే మన పొడి వేస్తే నీ రాయికి తుమ్ములు వస్తాయి.

ఏమీ కలపవద్దని రెండుసార్లు చెప్పావు. ఏమీ కలపలేదు.

ఫోన్లో చెప్పవచ్చు కదా, కాగితం ఎందుకంటావేమో. నా ఫోన్ మోగితే మీ మామ తీసి స్పీకర్‌లో పెడతారు, వీధంతా వినాలి. మన ఇళ్ళల్లో అందరూ మాట్లాడేది తెలుగే, చదవమంటే మాత్రం తమిళమే. మీ తాత పట్టుబట్టి ఈ అక్షరాలు నేర్పింది మనిద్దరికే. అందుకని సంచిలో కాగితం పెట్టడమే మేలు. ఖాళీ సంచిలో నువ్వూ జవాబు పెట్టు.

మీ మామ అడుగుతున్నారు: "నీ మేనకోడలు రాయికి తలంటు పోస్తుందా? ఏ పండక్కి?"

వేళకు తిను.

అత్త జోతిలక్ష్మి


విరుదునగర్
జూన్ 20

అత్తా, నమస్కారం.

మామ ఎగతాళిగా అన్నది నిజమే. నేను చేసేది తలంటే!

కొన్నిచోట్ల భూమి లోపల నూనె ఉంటుంది కానీ బయటికి రాదు. రాయి పలకలాగా నల్లగా, గట్టిగా ఉంటుంది. దానిలో రంధ్రాలు వెంట్రుకలో వెయ్యోవంతు కూడా ఉండవు, నూనె అందులో చిక్కుకుని ఉంటుంది. నీళ్ళు పంపి తోద్దామంటే రాయి ఒళ్ళంతా నూనె పట్టి ఉంటుంది కదా, నీళ్ళు అంటవు. మంచినూనె రాసుకున్న తలమీద ఉత్త నీళ్ళు పోస్తే ఏమవుతుంది? జారిపోతాయి. సీకాయో కుంకుడో ఉంటేనే నీళ్ళు వెంట్రుకల్లోకి దిగి జిడ్డును విడిపిస్తాయి. రాయికీ అంతే. ఆ పని చేసే మందును సర్ఫాక్టెంట్ అంటారు. కంపెనీలు వాడే మందులకు ఖరీదెక్కువ, కొన్ని భూమిలో నీటిని పాడుచేస్తాయి. అందుకే మేము కుంకుడును పరీక్షిస్తున్నాము.

నూనెలో నానబెట్టిన రాతిముక్కను గాజుబుడ్డిలో పెట్టి, మీ పొడి కలిపిన నీళ్ళు పోసి, వేడిగా ఉంచుతాము. బుడ్డి మెడ సన్నగా, గీతలతో ఉంటుంది. రాయి విడిచిన నూనె చుక్కచుక్కగా పైకి తేలి ఆ మెడలో చేరుతుంది. ఉదయం, సాయంత్రం దాన్ని చూసి అంకె రాసేది మా ల్యాబ్‌లో సహాయకురాలు ఇసక్కి. నాకంటే పదేళ్ళు పెద్దది, నోరు కారం. "ప్రియా, మీ అత్త పొడి రాయిని ఏడిపిస్తోంది, వచ్చి చూడు" అని కేకేసి పిలిచింది. పోయి చూస్తే నిజంగా రాయి ఒళ్ళంతా చెమట పట్టినట్టు చుక్కలు!

ఉత్త నీళ్ళకు వచ్చినదానికి నాలుగింతలు వచ్చింది అత్తా. మా గైడ్ ముత్తుకృష్ణన్ సార్ నమ్మలేక కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. దీని మీద వ్యాసం రాసి చెన్నైలో జరిగే సభకు పంపుతున్నాము. చివర కృతజ్ఞతల్లో మీ పేరు పెట్టాను. నా డాక్టరేట్ ఈ వ్యాసం మీదే నిలబడుతుంది.

ఇంకో సంచి కావాలి. ఇదే మాదిరిగా.

మీ ప్రియ


కోవిల్‌పట్టి
జూన్ 29

ప్రియకు,

నీ కాగితాన్ని తమిళంలోకి మార్చి మీ మామకు చదివి వినిపించాను. నా పేరు అచ్చులో వస్తుందని చెప్తే, "రేషన్ కార్డులో వచ్చింది చాలదా?" అన్నారు. కానీ సాయంత్రం టీ అంగట్లో తానే అందరికీ చెప్పి వచ్చారు. పక్కింటి పాండియమ్మాళ్ వచ్చి, "అక్కా, పెట్రోలు ధర తగ్గించండి" అని చేతులు జోడించింది. మా వీధి చీటీల లెక్క నేను చూస్తాననీ, నా లెక్క తప్పదనీ ఎప్పటినుంచో పేరు కదా. ఇప్పుడు పేరు ఇంకా పెద్దదైంది.

రెండో సంచి పంపుతున్నాను. పాత కుండ అయిపోయింది. ఇవి అరుప్పుకోట్టై సంతలో కొత్తగా కొన్నవి. కాయ పెద్దది, చూడటానికి ఇంకా బాగుంది. కడిగి, గింజ తీసి, ఎండబెట్టి, అదే మిక్సీలో వేసి, అదే గుడ్డతో జల్లించాను.

ఇసక్కికి నా తరపున వేరుసెనగ కడలై మిట్టాయి ఒక పొట్లం పెట్టాను. నువ్వు తినేయవద్దు.

అత్త


విరుదునగర్
ఆగస్టు 2

అత్తా,

ఇది నిదానంగా చదవండి.

రెండో సంచి పని చేయలేదు. ఉత్త నీళ్ళ కంటే కొంచెం మేలు, అంతే. రాయి మార్చాము, నీళ్ళు మార్చాము. మొదటి సంచిలో మిగిలిన పొడి పిసరైనా లేదు, సభకు చూపడానికని అంతా వాడేశాము.

వ్యాసాన్ని సభవాళ్ళు ఒప్పుకున్నారు. ఈలోపల మా వ్యాసం చూసిన ఒక నూనె కంపెనీవాళ్ళు వాళ్ళ ల్యాబ్‌లో అంగడి కుంకుడుతో చేసి, మీ అంకె మాకు రాలేదని రాశారు. సార్ ముఖం మాడిపోయింది. ఇప్పుడు ఆయన అనుమానం ఇసక్కి మీద. ఆమె అత్తగారికి పక్షవాతం. కొన్ని సాయంత్రాలు తొందరగా కారియాపట్టి బస్సు ఎక్కుతుంది. చూడకుండానే అంకెలు రాసిందని సార్ అంటున్నారు.

అందుకే అడుగుతున్నాను. రెండు సంచులకూ మీరు చేసిన దానిలో ఏమైనా తేడా ఉందా? ఎంత చిన్నదైనా సరే. కడగడం, ఎండ, దాచిన పాత్ర, ఏదైనా.

ప్రియ


కోవిల్‌పట్టి
ఆగస్టు 9

ప్రియకు,

కాగితం అందింది. తేడా ఏమీ లేదు. రెండూ ఒకటే మాదిరిగా చేశాను. కాయ వేరు కదా, అందువల్ల కావచ్చు. పాతకాయకు గుణం ఎక్కువ అంటారు.

ఇక్కడ వానలు లేవు. మీ మామకు మోకాలు నొప్పి. పాండియమ్మాళ్ కూతురికి తీపెట్టి ఆఫీసులో పని దొరికింది, అగ్గిపెట్టెలకు లేబుల్ అంటించే చోట. కరెంటు పోతూ వస్తూ ఉంది. కొత్త మిక్సీ కొనాలి.

నువ్వు ఆరోగ్యం చూసుకో. సార్‌కు కోపం తగ్గుతుంది.

అత్త


విరుదునగర్
ఆగస్టు 27

అత్తా,

ఇసక్కిని పంపేశారు.

ల్యాబ్‌లో అందరి ముందూ జరిగింది. సార్ ఆ అంకెల కాగితాలు బల్ల మీద పరిచి, "ఐదుకే బస్సెక్కేదానివి, ఆరు గంటల నూనె ఎవరు చూశారు? నీకు పేరిచ్చిన ఇసక్కి అమ్మవారా?" అన్నారు. వెనక ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. "నేను చూసిందే రాశాను సార్. వేరేవాళ్ళు చూసి చెప్పిన రోజు వాళ్ళు చెప్పిందే రాశాను" అంది. "వేరేవాళ్ళంటే ఎవరు?" అన్నారు. ఆమె టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు ఒక పప్పుమిల్లులో రాళ్ళు ఏరుతోందట.

వ్యాసంలో అంకెలు సరిదిద్ది పంపుతాము, తప్పు సహాయకురాలిదని రాస్తాము అన్నారు సార్. నా డాక్టరేట్‌కు భయం లేదట.

మీరు బాధపడవద్దు. మీ తప్పు ఇందులో ఏమీ లేదు.

ప్రియ


కోవిల్‌పట్టి
సెప్టెంబరు 3

ప్రియా,

నా తప్పు ఉంది.

మా అత్తగారి ఊళ్ళో పత్తి ఏరిన తరువాత ఎండిన కట్టెను పొయ్యిలో పెడతారు. ఆ బూడిదను పారేయరు. అలసందలకు, కందులకు, విత్తనానికి దాచేది ఏదైనా సరే, పురుగు పట్టకుండా బూడిద పట్టించి కుండలో పోస్తారు. కుంకుడు తొక్కకు జిగట కాబట్టి ఇంకా బాగా పడుతుంది. పెళ్ళయిన కొత్తలో ఆమె నాకు నేర్పిన మొదటి పని అది. చేయి దానంతట అది చేస్తుంది. మొదటి సంచి కాయలు ఆ బూడిదలో ఏడాది ఉన్నవి. నేను కడగలేదు, కడిగితే నురుగు పోతుందని. దులిపి ఎండబెట్టాను, అంతే. రెండోసారివి సంతలో కొన్నవి, బూడిద చూడలేదు.

ఏమీ కలపలేదని రాసిన రోజు అది అబద్ధం కాదు. బూడిద కలపడమని నాకు తోచలేదు. కుండ అంటే బూడిద కుండే మాకు.

నీ ఆగస్టు కాగితంలో "దాచిన పాత్ర" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఖాళీ కుండ దించి చూశాను. అడుగున బూడిద. గిన్నెలో కొంచెం, నీళ్ళతో కలిపి వేళ్ళకు రాసుకుంటే సబ్బులాగా జారింది. చాకలివాళ్ళు చవుడు మట్టితో ఎందుకు ఉతుకుతారో నాకు తెలియదా? అప్పుడే తెలిసింది ప్రియా. తెలిసిన తరువాతే కూర్చుని "తేడా ఏమీ లేదు" అని రాశాను. మీ మామ మోకాలు గురించి, కరెంటు గురించి రాశాను.

ఎందుకంటే, నా లెక్క తప్పదని అన్నారు కదా అందరూ. అచ్చులో పేరు వస్తుందని చెప్పుకున్నాను కదా. కంపెనీవాళ్ళ రాయి, పెద్ద చదువుల సంగతి, ఏదో సర్దుకుంటుందిలే అనుకున్నాను. దాని కింద ఒక మనిషి ఉందని నువ్వు రాశావు. నేను చదివాను. చదివి కూడా రాశాను.

పప్పు ఏరుతోందని చదివిన దగ్గరనుంచి చేట పట్టుకోలేకపోతున్నాను. ఇంట్లో పప్పు మీ మామే ఏరుతున్నారు. ఎందుకని అడగడం లేదు.

ఈ పొట్లంలో కుండ అడుగు బూడిద ఉంది. సార్‌కు చూపించు. నేను వచ్చి ఆయనతో చెప్పమన్నా వస్తాను.

అత్త


విరుదునగర్
సెప్టెంబరు 12

అత్తా,

ఉదయం నుంచి మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

మొదటి సంచి వచ్చిన రోజే నాకు తెలుసు. బూడిద అని కాదు, ఏదో ఉందని. కుంకుడు నీళ్ళు ఎప్పుడూ కొంచెం పుల్లగా ఉంటాయి. మీ పొడి కలిపిన నీళ్ళలో ముంచిన పరీక్ష కాగితం నీలమైంది. అంటే క్షారం. కుంకుడు, క్షారం కలిస్తే నూనె బాగా విడుస్తుందని పుస్తకాల్లోనే ఉంది. గిన్నె సరిగ్గా కడగలేదేమో అనుకున్నాను, అనుకోవాలనుకున్నాను. ఆ కాగితం పారేశాను. అంకె అంత బాగుంది.

ఇంకోటి. ఇసక్కి తొందరగా వెళ్ళిన సాయంత్రాలు నూనె చూసి చెప్పింది నేను. మిగతా రోజులు కూడా చాలాసార్లు ఆమె పక్కనే నిలబడి చూశాను. అవన్నీ నిజమైన అంకెలు. సార్ "వేరేవాళ్ళంటే ఎవరు" అని అడిగినప్పుడు ఆమె నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మీ తప్పు లేదని మీకు రాసింది మీ కోసం కాదు. మీరు ఏమీ చెప్పకుండా ఉంటే నాకు సులభమని.

అత్తా, కొంచెం ఆగండి. చెన్నై సభ అయిపోనివ్వండి, నా డాక్టరేట్ కాగితాలు పంపేయనివ్వండి. తరువాత ఇసక్కికి వేరే చోట మంచి పని నేనే చూస్తాను. సార్ దగ్గరికి ఇప్పుడు రావద్దు.

ప్రియ


కోవిల్‌పట్టి
సెప్టెంబరు 22

ప్రియా,

సార్ దగ్గరికి రాలేదు. ఇసక్కి దగ్గరికి పోయాను.

మీ మామకు మొత్తం చెప్పాను. "నువ్వా? లెక్క తప్పావా?" అని నవ్వడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. చొక్కా వేసుకుని తోడు వచ్చారు. పప్పుమిల్లుల్లో అడుగుతూ పోతే ఒకచోట ఊరు చెప్పారు, కారియాపట్టి దారిలో. ఆయన బస్సు స్టాపులోనే కూర్చున్నారు, ఆడవాళ్ళ మధ్య నాకేం పని అని.

ఇసక్కి గుమ్మంలో నిలబడి విన్నది. ఆమె తమిళంలో అన్నది, నేను మన మాటలో రాస్తున్నాను.

"మిట్టాయి పంపిన అమ్మ మీరా?"

అవునన్నాను. బూడిద సంగతి చెప్పాను, తెలిసీ దాచిన సంగతి కూడా. బూడిద వల్ల ఇంత అవుతుందని అనుకోలేదన్నాను.

"బూడిదకు నోరు లేదమ్మా. మీకుంది" అన్నది.

లోపల మంచం మీద ఆమె అత్తగారు ఎవరే అని అడుగుతోంది. "ఎవరో, దారి తప్పి వచ్చారు" అని చెప్పింది. తరువాత కాఫీ తెచ్చింది. తాగేదాకా నిలబడే ఉంది.

సార్‌తో నేనే చెప్తాను, నీ పని నీకు ఇప్పిస్తాను అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. "గింజలు చల్లి పిలిస్తే రావడానికి కోడినా? మీరెవరు అక్కడ? కుంకుడు పంపే ఆమె. మీ మేనకోడలు నా పక్కన నిలబడి చూసింది. ఆ రోజు ఆయన అడిగినప్పుడు నేను దాని వైపు చూశాను. అది గోడ గడియారం చూసింది. నన్ను అబద్ధాలకోరు అన్నప్పుడు విన్న చెవులన్నిటి ముందూ అది నోరు విప్పాలి. చాటుగా చెప్పేదైతే వద్దు. పప్పులో రాళ్ళు నన్ను ఏమీ అనడం లేదు."

ప్రియా, నేను నిన్ను తిట్టడానికి తగినదాన్ని కాను. నువ్వు ఆగమన్నావు. నేనూ ఒకసారి ఆగాను, ఆగినన్నాళ్ళూ ఏం జరిగిందో మనిద్దరికీ తెలుసు. బూడిద మాట నేను రాసి సంతకం పెట్టి ఇందులో పెట్టాను, తమిళంలోనే, సార్ చదివేలాగా. చూసిన మాట నీది. అది నేను చెప్పలేను. చెప్తే నీ చదువుకు ఏమవుతుందో తెలియదు. అది తెలిసే చెప్పమంటున్నాను.

అత్త


విరుదునగర్
అక్టోబరు 16

అత్తా,

చెప్పాను.

సోమవారం టీ వేళకు అందరూ ల్యాబ్‌లోనే ఉంటారు. మీ కాగితం సార్ చేతికిచ్చి, ఆయన చదువుతుండగానే మొదలుపెట్టాను, లేకపోతే మొదలుపెట్టేదాన్ని కాదు. నీలమైన కాగితం సంగతి, సాయంత్రాల సంగతి, నేను మాట్లాడకుండా నిలబడిన సంగతి. వెనకనున్నవాళ్ళు "ఏమంటోంది, వినపడలేదు" అన్నారు. మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది.

సార్ కాగితం మడిచి బల్ల మీద పెట్టారు. తరువాత "ఆ ఇసక్కి నంబరు ఎవరి దగ్గర ఉంది?" అని మాత్రం అడిగారు. వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నాము. నా డాక్టరేట్ ఒక ఏడాది వెనక్కి పోయింది. సార్ ఇప్పుడు నాతో పనికి కావలసినంతే మాట్లాడుతున్నారు.

ఇసక్కికి ఆయన స్వయంగా ఫోన్ చేసి రమ్మన్నారు. అందరి ముందూ చెప్పానో లేదో అటెండర్‌ను అడిగి తెలుసుకుని మరీ ఇసక్కి వచ్చింది. ఇప్పుడు కుంకుడు వేరుగా, బూడిద నీళ్ళు వేరుగా, తూచి కలిపి చేస్తున్నాము. నూనె మళ్ళీ వచ్చింది అత్తా, మొదటిసారి వచ్చినంతే. ఎవరూ సంతోషంగా కేకలు వేయలేదు.

ఇసక్కి నన్ను ఇప్పుడు ప్రియా అనదు, మేడమ్ అంటుంది. ఉదయం, సాయంత్రం బుడ్డి దగ్గర నిలబడి, "మేడమ్, రండి, మీరే చూడండి" అని పిలుస్తుంది. నేను చూసి అంకె చెప్పేదాకా పెన్ను చేతిలోకి తీసుకోదు. మొన్న తరగతిలో పాఠం చెప్తున్నాను, అక్కడికే వచ్చి గుమ్మంలో నిలబడింది. పిల్లలందరూ చూశారు. నువ్వే రాయి ఇసక్కక్కా, నాకు నమ్మకం ఉంది అన్నాను. "నాకు ఉండాలి కదా మేడమ్" అంది.

ఇది ఎన్నాళ్ళు అత్తా?

కుంకుడు ఇంకో సంచి కావాలి.

ప్రియ


కోవిల్‌పట్టి
అక్టోబరు 25

ప్రియకు,

కుంకుడు సంచి, బూడిద డబ్బా వేరువేరుగా కట్టాను. విళాత్తికుళం పోయి పత్తికట్టె కాల్చి, చల్లారేదాకా అక్కడే కూర్చుని తెచ్చాను. ఈసారి బస్సులో పంపడం లేదు. శనివారం నేనే తెస్తాను. ఇసక్కి చేతికిస్తాను, తీసుకుంటే. ఏమేం చేశానో ఆమె అడిగినంతవరకూ చెప్తాను. అడగకపోతే ఇచ్చి వచ్చేస్తాను.

పాండియమ్మాళ్‌కూ, చీటీల ఆడవాళ్ళకూ జరిగింది చెప్పాను. ఈ నెలనుంచి నేను లెక్క కూడిన తరువాత ఇంకొకరు కూడి చూస్తున్నారు. నేనే అడిగాను. చూస్తున్నప్పుడు పక్కన కూర్చోవడం కష్టంగానే ఉంది. కూర్చుంటున్నాను.

ఎన్నాళ్ళని నన్నడిగావు. నాకు తెలియదు. ఆమెను మాత్రం అడగవద్దు. పిలిస్తే, చేతిలో ఏ పని ఉన్నా పెట్టేసి లేచి పో. చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆమె రాసేదాకా అక్కడే నిలబడు.

అత్త